రత్నం మోచేతి ఎత్తు

1996లో నేను భిలాయిలో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌ని, అంటే ఇళ్ల ప్లాన్లు గీసేదాన్ని. స్టీల్ ప్లాంటులో రిటైర్మెంటు దగ్గరపడినవాళ్లు క్వార్టరు ఖాళీ చెయ్యక తప్పదు కనుక ఊరి చివర మరోదా అవతల ప్లాట్లు కొనుక్కుని మా దగ్గరికి వచ్చేవారు. పడగ్గదుల సంగతి రెండు మాటల్లో తేల్చేసేవారు. వంటిల్లు అనేసరికి మాత్రం గ్రానైటు, అద్దంలా మెరిసే పాలిష్, పూల టైల్స్ అంటూ పట్టుబట్టేవారు. అలా పట్టుబట్టిన మగవాళ్లలో పొయ్యి ముట్టించిన మనిషిని ఒక్కణ్ణీ చూడలేదు. నాకు ఒళ్లు మండేది.

అప్పలనాయుడుగారిది విజయనగరం వైపు. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పని. భార్య పోయాక వంటంతా కూతురు రత్నమే చూసుకునేది. ముప్పై దాటిన మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. క్వార్టరు వంటింట్లో స్టూలు మీద కూర్చుని, ఓ బల్ల మీద స్టవ్ పెట్టుకుని, తండ్రికీ ఇద్దరు తమ్ముళ్లకీ ఎవరి షిఫ్టుకి తగ్గట్టు వాళ్లకి వేడివేడిగా వండిపెట్టేది. ఇంటి ప్లాను మాట్లాడదామని వాళ్ల క్వార్టరుకి వెళ్లిన రోజు నాకూ పెట్టింది. అంత మంచి ములక్కాడ పులుసు నేను భిలాయిలో మరెక్కడా తినలేదు.

నాయుడుగారు ఎవరో ఆఫీసరుగారి బంగళాలో వంటిల్లు చూసి వచ్చారు. తనకీ అలాంటిదే కావాలన్నారు. నిలబడి వండే ఎత్తున ప్లాట్‌ఫారం, దాని కింద నిండా కప్‌బోర్డులు, నేలంతా నున్నటి మార్బుల్. ఆ బంగళాలో వండేది వంటమనిషని ఆయనకి తట్టలేదు. ఆ నేల మీద నీళ్లు పడితే రెండు కాళ్లూ బాగున్నవాళ్లే జారతారు, రత్నం మాటేమిటని అడిగాను. మేమూ వంటమనిషిని పెట్టుకుంటామన్నారు. ఇన్నేళ్లూ కష్టపడింది, ఇకనైనా హాల్లో కూర్చుని టీవీ చూసుకోవాలట. ప్రేమతోనే అన్నారు, కాదనను.

లోపల్నించి రత్నం గోడ పట్టుకుని వచ్చింది.

"హాల్లో కూకోబెట్టడానికి నానేటి సుట్టాన్నా నాన్నా? ఈ ఇంట్లో నా సేతిలో ఉన్నది ఆ వొంటిల్లొక్కటే. అదీ తీసేస్తే ఇంక నానెవుర్ని?"

నాయుడుగారు నా వైపు తిరిగి, తాను చెప్పినట్టే గీయమన్నారు.

నేను గీయలేదు. వర్కింగ్ హైట్ అని మా పనిలో ఒక మాట ఉంది. చేతులు నొప్పి పుట్టకుండా పనిచెయ్యడానికి కుదిరే ఎత్తు. స్టూలు మీద కూర్చున్న రత్నం మోచేతి దగ్గర టేపు పెట్టి ఆ ఎత్తు తీసుకున్నాను. ప్లాట్‌ఫారం కింద ఆమె కాళ్లు దూరేంత చోటు ఖాళీగా వదిలాను. నేలకి పాలిష్ చెయ్యని కోటా రాయి, గోడ పొడుగునా పట్టుకోవడానికి ఇనప పైపు. అది చూసి నాయుడుగారు మా కాంట్రాక్టరు దగ్గర పంచాయితీ పెట్టారు. కస్టమర్ అడిగింది గీయడమే నీ పని అని కాంట్రాక్టరు కసిరాడు. వంటింటికి వండే మనిషే కస్టమరన్నాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. అప్పట్లో కోపం నా ముక్కు మీదే ఉండేది. ఇప్పుడూ పెద్దగా దిగలేదు.

ఆ తగువు తేలకుండానే గోడలు లేచాయి, స్లాబు వేసే రోజు వచ్చింది. ఆ రోజు కూలీలందరికీ ఇంటివాళ్లే భోజనం పెట్టాలి. నాయుడుగారు క్యాంప్ 2 బస్తీ నుంచి ఒక వంటవాణ్ణి మాట్లాడారు. పొద్దున్నే రత్నం తమ్ముడి స్కూటరు మీద దిగింది. ఇంటి పక్కన తార్పాలిన్ కట్టించి, దాని కింద మేస్త్రీ చేత ఇటుకలు పేర్పించింది. సరిగ్గా నేను గీసిన ఎత్తుకే, కాళ్లకి ఖాళీతో సహా. వాటి మీద రెండు స్టవ్‌లు పెట్టించుకుని కూర్చుంది. వచ్చిన వంటవాణ్ణి ఉల్లిపాయలు తరగమంది.

మధ్యాహ్నానికి అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు, వంకాయ వేపుడు సిద్ధం. తట్టలు మోసే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు దీదీ దీదీ అంటూ మారు పెట్టించుకోవడానికి ఆమె చుట్టూ చేరారు. రత్నం కూర్చున్న చోటు నుంచే అందరినీ అదిలిస్తూ వడ్డిస్తోంది. నాయుడుగారు పళ్లెం పట్టుకుని ఆ ఇటుకల ముందు నిలబడిపోయారు.

"బాగానే ఉందే. కానీ ఇంటికొచ్చినోళ్లు సూసి నవ్వుతారు" అన్నారు చివరికి.

"నవ్వనీ నాన్నా. నవ్వినోళ్లకీ నానే వొండిపెడతాను."

ఆయన అక్కడే నిలబడి తిన్నారు. చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చి, ఆ కోటా రాయి ఎక్కడ దొరుకుతాదమ్మా అని అడిగారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకి కనబడకుండా స్లాబు వైపు తిరిగాను.

గృహప్రవేశం నాడు బంధువొకాయన వంటింట్లోకి తొంగిచూసి, పిల్లలు ఆడుకోడానికి కట్టించారా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే నాయుడుగారు అందుకున్నారు.

"మా రత్నం ఎత్తుకి కట్టించాను. నీ ఎత్తుకి కాదు."

ఆ ఇల్లు కట్టాక నా పని తీరు మారింది. ఇప్పుడు ఎవరైనా పత్రికలో బొమ్మ చూపించి ఇలాంటి కిచెన్ కావాలంటే, మీ ఇంట్లో వండేదెవరు, వాళ్లని తీసుకురండి అంటాను. వాళ్లెందుకు, నేను చెబుతానుగా అంటే టేపు బయటికి తియ్యను. ఆ మాటకి విసుక్కుని వేరేవాళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. వెళ్లనీ.