కోడలికి పోసిన ఒడిబియ్యం

మంథనిలో మా బాపుకు పిండి గిర్ని ఉండేది. గోధుమలు పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు సంచితోపాటు ఇంటి గొడవలు కూడా మోసుకొచ్చేవాళ్ళు. బాపు అందరికీ పెద్దమనిషే. గొడవ ఎవరిదైనా తీర్పు మాత్రం ఒక్కటే: "సర్దుకపోవాలె బిడ్డా. ఆలుమగలన్నంక లొల్లి కాకుంట ఉంటదా?" ఆ మాట మా గడప తొక్కేదాకా అందులో తప్పేముందో మాకెవరికీ తోచలేదు.

మా వదినది ఆదిలాబాద్. మాటల మధ్య మరాఠీ దొర్లేది. ఎవరి మొహమైనా ముడుచుకుని కనిపిస్తే చాలు, "కాయ్ ఝాలా?" అని అడిగేది, ఏమైందని. మేం దాన్ని పట్టుకుని ఏడిపించేవాళ్ళం, అందరికంటే ఎక్కువ నేను. పాపం, తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు, తోబుట్టువులు లేరు. వంట అయ్యాక గిర్నికి వచ్చి బాపుకు సాయంగా సంచుల్లోకి పిండి ఎత్తేది. మామా కోడలూ తెల్లగా పిండికొట్టుకుపోయి ఒకరిని చూసి ఒకరు నవ్వుకునేవారు.

ఒకరోజు అన్న గిర్నికి ఫోన్ చేస్తే వదిన ఎత్తలేదు. గిర్ని మోతలో ఏం వినపడుతుంది? ఆమె ఇంటికి రాగానే చెంప మీద కొట్టాడు. పైగా, "పో! నీకెవరున్నరు? ఏడికి పోతవో పో" అన్నాడు. పక్కగదిలో ఉన్న నేను ఉరికి వచ్చేసరికి వదిన గడప దాటింది. వెనకే పోయాను. తిన్నగా గిర్నికే పోయింది. ఇంకెక్కడికి పోతుంది మరి?

చెంప కనపడకుండా పిండి రాసుకుంది, పిచ్చిది. బాపు నవ్వుతూ తువ్వాలతో తుడవబోయి ఆగిపోయాడు. పిండి కింద వేళ్ళ అచ్చులున్నాయి. ఆయన మిషన్ ఆపేశాడు. "కాయ్ ఝాలా, బిడ్డా?" అన్నాడు. బాపు నోట ఆ మాట అంతకుముందు ఎన్నడూ వినలేదు. వదిన భోరుమంది.

నాకు కోపం ఆగదు. ఇంటికొచ్చి అన్న కాలర్ పట్టుకున్నాను. బాపు వెనక నుంచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "చెయ్యి లేపేటోడు ఇంట్ల ఒక్కడు సాలు" అన్నాడు.

అవ్వ, అంటే మా అమ్మ, మెల్లగా అంది: "ఆలుమగల నడుమ మనమెందుకయ్యా? ఊరందరికి నువ్వు జెప్పేది గదే గదా."

"జెప్పిన. గిప్పుడు గా మాట నా నోటికి వస్తలేదు. గా చెయ్యికి అన్నం కలుపుకునుడు నేర్పింది మనం. గది ఆడిపిల్ల మీద లేస్తే మనకు గాకుంటే ఇంకెవలికి పట్టిందే?"

మా వైపు పెళ్ళయిన ఆడబిడ్డకు తల్లిగారింటివాళ్ళు కొన్నేళ్ళకోసారి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలతో కూతురి ఒడి నింపి, కూతురికీ అల్లుడికీ కొత్త బట్టలు పెడతారు. నీకు పుట్టిల్లు ఉంది బిడ్డా అని చెప్పడమే అది. వదినకు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.

"శుక్రవారం కోడలికి ఒడిబియ్యం పోస్తున్నం" అన్నాడు బాపు.

"అత్తగారోళ్ళు పోసుడేందయ్యా! నలుగురు నవ్వరా?" అంది అవ్వ.

"నవ్వనీ. పిలువు గా నలుగుర్ని."

వాడకట్టంతా వచ్చింది. అన్న ఆముదం తాగిన మొహంతో వదిన పక్కన పీట మీద కూర్చున్నాడు. అవ్వ దోసిళ్ళతో బియ్యం పోస్తూ పోస్తూ కోడలిని పట్టుకుని తనే ఏడ్చింది. బాపు కొత్త బట్టలు అన్న చేతిలో పెట్టాడు. "తీసుకోండ్రి అల్లుడుగారు. మా బిడ్డ కొన్ని దినాలు తల్లిగారింట్ల ఉంటది. మీరు మీ దుకాణంల పండుండ్రి."

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వబోయాడు. బాపు నవ్వలేదు.

అన్నకు బస్టాండు దగ్గర ఎస్టీడీ ఫోన్ల దుకాణం ఉండేది, అక్కడే పడుకున్నాడు. భోజనానికి ఇంటికొస్తే బాపు లేచి నిలబడేవాడు. "రాండ్రి, కూసోండ్రి." అవ్వ కాళ్ళకు నీళ్ళిచ్చేది. మొదట అన్న తమాషా అనుకున్నాడు, తర్వాత చిరాకుపడ్డాడు, తర్వాత ముద్ద దిగక కంచం ముందు కూర్చునేవాడు. పుట్టినప్పటి నుంచీ "అరేయ్" అన్న నోరు "మీరు" అంటుంటే ఎట్లా ఓర్చుకుంటాడు? నాకు జాలేసింది. అయినా నేనూ "బావా" అనే పిలిచాను. ఏం చేయను, బాపు కొడుకునే కదా.

ఒక మధ్యాహ్నం కంచం పక్కకు జరిపాడు. "బాపూ, ఒక్కసారి అరేయ్ అనరాదు! మళ్ళ చెయ్యెత్తను. కొండగట్టుకు పోయి అంజన్న మీద ఒట్టేస్త."

"నడుమల అంజన్న ఎందుకు? దెబ్బ తాకింది ఆయనకా? మా బిడ్డనడుగుండ్రి."

వదిన వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి ఉంది. అన్న తల దించుకుని "తప్పైంది" అన్నాడు.

"నాకెవరున్నరు అన్నవ్ గదా" అంది వదిన. "గీళ్ళందరున్నరు. మళ్ళ చెయ్యి లేస్తే ఇల్లిడిసి పోయేది నువ్వే. గిప్పుడైతే దుకాణంలనే పండు. నాకు మనసైనప్పుడు నేనే జెప్త."

ఆమెకు మనసయ్యేదాకా అన్న అక్కడే పడుకున్నాడు. ఇంటికొచ్చిన రోజు బాపు గిర్నిలోంచి "అరేయ్, గా సంచి ఎత్తు" అని కేకేశాడు. అన్న ఉరికిన ఉరుకుడు చూడాలి!

ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. గిర్నిలో బాపు తీర్పు కూడా మారింది. ఎవరు గొడవ తెచ్చినా ముందు మగవాణ్ణి అడిగేవాడు: "కొట్టినవా? ముందుగాల గది జెప్పు." కొందరు వేరే గిర్నికి పోయారు. పోతే పోనీ అన్నాడు. ఒడిబియ్యం పోసిన నాటి నుంచి వదిన ఆయన్ను మామా అనడం మాని చివరిదాకా బాపు అనే పిలిచింది.

బాపు పోయాడు. నిరుడు అన్న కొడుకు పెళ్ళయింది. కొత్త కోడలికి అమ్మానాన్న నిక్షేపంగా ఉన్నారు. అయినా అన్న పసుపు బియ్యం కలిపించాడు.

"ఆ పిల్లకు తల్లిగారున్నరు గదనే అన్నా, మనమెందుకు?" అన్నాను.

"ఉండనీ. గా ఇల్లున్నట్టే గీ ఇల్లు సుత ఉండాలె."

వదిన కోడలి ఒడి నింపింది. అన్న కొత్త బట్టలు కొడుకు చేతిలో పెట్టి, "తీసుకోండ్రి అల్లుడుగారు" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. అన్న నవ్వలేదు.