బురుజు మీద సారక్క

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం, గోదావరి బ్యారేజీ వెనక నిలిచిన నీళ్ల నట్టనడుమ, ఒడ్డుకు ముప్పావు కిలోమీటరు దూరంలో, ఒక ఆడమనిషి మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఎర్ర తువ్వాలు ఊపడం లాంచీలో ఉన్న నలభైమందిమీ చూశాం. ఆమె పేరు సారక్క. ఆమె గురించి చెప్పాలంటే ముందు నా తప్పు గురించి చెప్పుకోవాలి.

నా పేరు జగదీశ్వర్. గోదావరిఖని బొగ్గుబాయిల్లో ముప్పై ఒక్క ఏళ్లు సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. భూమి కింద ఏ సొరంగం ఎటు పోతోందో, పాత తవ్వకాల్లో నీళ్లు ఎక్కడ నిలిచి ఉన్నాయో కొలిచి మ్యాపు గీయడం నా పని. ఆ గీత తప్పితే కింద పనిచేసేవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. నా సర్వీసులో ఒక్క గీతా తప్పలేదు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకునే అలవాటు కూడా నాకుంది.

నిరుడు వానాకాలంలో భూపాల్ అనే కాంట్రాక్టరు మా ఇంటికి వచ్చాడు. బ్యారేజీ నీళ్లలో మునగకుండా మిగిలిన ఎర్రగుట్టను పర్యాటకుల దీవిగా తయారుచేస్తున్నారు. పైన నడకదారి, ఉయ్యాలలు, నాలుగు గుడారాలు, ఒక టీకొట్టు. ఒడ్డు నుంచి గుట్టదాకా లాంచీ నడిపే పని అతనికి వచ్చింది.

"సార్, నీళ్ల లోతు కొలిచి ఒక మ్యాపు గీసియ్యాలె. ఈ పని మీకన్న బాగ ఎవరు చేస్తరు?" అన్నాడు.

ఆ మాటకే సగం ఒప్పుకున్నాను. సెప్టెంబరులో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పది రోజులు పడవలో తిరిగాను. తాడుకు ఇనుపగుండు కట్టి, యాభై మీటర్లకొక వరుస చొప్పున లోతు కొలిచాను. ఒడ్డుకూ గుట్టకూ మధ్య ఎక్కడా ఆరు మీటర్లకు తక్కువ రాలేదు. ఎండాకాలానికి నీళ్లు నాలుగు మీటర్లు దిగినా ఇంకా రెండు మిగులుతాయి. లాంచీ అడుగు మునిగేది మీటరే. ఇక అనుమానమేముంది? స్కేలు పెట్టి తిన్నగా దారి గీశాను. ఆ గీత వెంటే భూపాల్ నీళ్ల మీద తేలే నారింజరంగు డ్రమ్ములు కట్టించాడు.

ఆ నీళ్ల కింద ఒక ఊరుంది. మొగిలిపల్లె. సారక్క పుట్టిందీ పెళ్లయి ఉన్నదీ ఆ ఊళ్లోనే. వాళ్లది చేపలు పట్టే కుటుంబం. భర్త పోశం మాత్రం బాయిలో బొగ్గు నింపే పనికి కుదిరి, రోజూ సైకిలు మీద డ్యూటీకి పోయి వచ్చేవాడు. సారక్క చిన్నప్పటినుంచీ తండ్రితో కలిసి గోదావరిలో వల వేసేది. బ్యారేజీ కట్టినప్పుడు ఇళ్లు కూలగొట్టి అందరినీ రోడ్డు అవతలి కాలనీకి తరలించారు. ఈ నిలవ నీళ్లలో మన వలలు పనికిరావని చాలామంది చేపల పని మానుకున్నారు. సారక్క మానలేదు. థర్మాకోల్ తెప్ప కట్టుకుని, వల మార్చి, రెండేళ్లు ఒంటరిగా తిరిగి ఈ కొత్త నీళ్లను నేర్చుకుంది.

అయితే ఆమెకు అది కొత్త చెరువు కాదు. కింద తన ఊరు అలాగే ఉన్నట్టు లెక్క. గోదావరిఖని మార్కెట్లో ఆమె దగ్గర చేపలు కొనేవాళ్లకు ఈ సంగతి తెలుసు. మా పక్కింటి ఇమాంబీ ఒకసారి బొచ్చె చేప తెచ్చి నవ్వుతూ చెప్పింది. ఇది ఎక్కడ పడ్డదని సారక్కను అడిగితే, "మా మేనమామ వాకిట్ల" అన్నదట. బడి కాడ రవ్వలు, పటేలు దొడ్డి కాడ జెల్లలు. అలా చెప్పేది. నేను కూడా విని నవ్వాను. అది నవ్వాల్సిన మాట కాదని అప్పుడు తట్టలేదు.

ఫిబ్రవరిలో లాంచీ వచ్చింది. ప్రజలను ఎక్కించి నడిపి చూసే రోజు ఆదివారమని నిర్ణయించారు. శుక్రవారం మధ్యాహ్నం భూపాల్ ఫోన్ చేశాడు.

"సార్, ఇక్కడ చేపలమ్మే ఆమె ఒకామె వచ్చింది. మన దారిల బురుజు ఉన్నదంటుంది. జర మీరే మాట్లాడుండ్రి."

ఫోన్ ఆమెకిచ్చాడు.

"సారూ, నేను మొగిలిపల్లె సారక్కను. మీ డ్రమ్ములు మా బురుజు మీదికెళ్లి పోతున్నయి. ఆ తొవ్వ ఒద్దు."

"ఊళ్లో కట్టడాలన్నీ ముందే నేలమట్టం చేశారు కదమ్మా."

"ఇండ్లు కూలగొట్టిండ్రు. బురుజు సగమే పోయింది. రాతికట్టుడు గద, మిషినితోని కాలే. అటెన్క నీళ్లచ్చినై. దిబ్బ మీద ఉంటదది. నిరుడు గీ దినాలల్ల నేను దాని మీద నిలవడ్డ."

"అక్కడ ఆరు మీటర్ల లోతుంది. కొలిచింది నేను."

"మీరు కొలవలేదంటలేను సారూ. దాని మీద కొలవలేదంటున్న."

ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. మ్యాపు తీసి చూసి ఉండాల్సింది. ఒక చేపలమ్మే ఆమె నా కొలతను తప్పుపట్టడం నచ్చక, "భయమేం లేదు, నువ్వు ఫికర్ చెయ్యకు" అని ఫోన్ పెట్టేశాను.

శనివారం ఆమె మళ్లీ భూపాల్ దగ్గరికి వెళ్లిందట. ట్రయల్ ఆపమని కూడా అడగలేదు. అక్కడ ఒక్క వెదురుబొంగు పాతించండి చాలునన్నది. "సర్వేయర్ సారే చెప్పినంక ఇంకేమున్నదమ్మా" అని అతను పంపించేశాడు. తర్వాత ఆమె ఎవరితోనూ వాదించలేదు.

ఆదివారం తొమ్మిదింటికి జెట్టీ దగ్గర జాతరలా ఉంది. బసంత్‌నగర్ నుంచీ ఎనిమిదో కాలనీ నుంచీ కుటుంబాలు వచ్చాయి. ఇమాంబీ కూడా వచ్చింది. అరవై ఐదేళ్ల మనిషి, ఎన్నడూ పడవ ఎక్కలేదు. బురఖా మీద లైఫ్ జాకెట్టు బిగించుకుని, నా చెయ్యి పట్టుకుని ఎక్కి ముందు వరుసలో కూర్చుంది. లాంచీ డ్రైవరు జైపాల్ ముప్పై ఏళ్లవాడు, మాట తక్కువ. ఒక్కొక్కరి జాకెట్టు బకిల్సూ తానే లాగి చూసి, అప్పుడు ఇంజను స్టార్టు చేశాడు. నేను అతని పక్కన మ్యాపు పట్టుకుని నిలబడ్డాను. భూపాల్ ఫోటోలు తీయిస్తున్నాడు.

చల్లటి గాలి. వెనక పవర్‌హౌస్ పొగగొట్టాలు చిన్నవవుతున్నాయి. ఎదురుగా ఎర్రగుట్ట పెద్దదవుతోంది. అందరూ సంతోషంగా ఉన్నారు. డ్రమ్ముల వెంట లాంచీ వేగం అందుకుంది.

అప్పుడు ఇమాంబీ లేచి నిలబడింది.

"యా అల్లా! సారూ, నీళ్లల్ల ఎవరో నిలవడ్డరు!"

వెనకవాళ్లు నవ్వారు. ఎవరో, "కొంగ కావచ్చు చాచీ" అన్నారు. నేనూ చూశాను. బొంగుకు కట్టిన ఎర్ర తువ్వాలు అటూ ఇటూ ఊగుతోంది. దాని కింద ఒక మనిషి.

"ఎవరో తెప్ప మీదున్నరు. హారన్ కొట్టు, తప్పుకుంటరు" అన్నాడు భూపాల్.

జైపాల్ కళ్లు చిట్లించి చూశాడు. "తెప్ప పక్కకున్నది సార్. మనిషి నీళ్లల్ల ఉన్నది" అంటూనే వేగం తగ్గించి ఇంజనును వెనక్కి తిప్పాడు. లాంచీ ఒక్కసారి వణికింది. పిల్లలు అరిచారు. అయినా అంత బరువు వెంటనే ఆగుతుందా? ముందుకు జారుతూనే ఉంది. ఆమె మాత్రం అంగుళం కదల్లేదు. తువ్వాలు ఊపుతూనే ఉంది. ముఖం తెలిసేంత దగ్గరికొచ్చాక, ఇరవై మీటర్ల దూరంలో లాంచీ ఆగింది.

"ఆడనే ఉండుండ్రి! బురుజు మీద ఉన్న నేను!" అని అరిచింది సారక్క.

తెప్ప తాడు నడుముకు కట్టుకుంది. చీర మోకాళ్ల పైకి దోపుకుంది. మేం చూస్తుండగా ఆ నీళ్ల మీద నడిచి చూపించింది. ఇటు పది అడుగులు వేసి, "గీడికి అంచు" అన్నది. అటు ఎనిమిది అడుగులు వేసి, "గీడికెళ్లి లోతు" అని బొంగు దింపింది. బొంగు మొత్తం మునిగింది. నేను వంగి గుండుతాడు వదిలాను. మా పక్కన దాదాపు నాలుగు మీటర్లు. ఆమె దగ్గర మోకాలు.

మ్యాపు చూసుకున్నాను. ఆ చోటు సరిగ్గా నేను కొలిచిన రెండు వరుసల మధ్య ఉంది. ఒక వరుసకు ఇరవై రెండు మీటర్లు, ఇంకో వరుసకు ఇరవై ఎనిమిది. నా గుండు ఆ రాళ్లకు తగలనే లేదు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పడవ మీంచి నాకు కనిపించనూ లేదు. దాని మీదికే నలభైమందిని నడిపించుకుంటూ వచ్చాను. ఆ వేగంతో రాతికి తగిలి ఉంటే అడుగు చీలిపోయేది.

జైపాల్ చెయ్యి చాచాడు. "అక్కా, పైకి రా. తొవ్వ నువ్వు చెప్పు."

ఆమె తెప్పలో లాంచీ దగ్గరికి వచ్చి పైకెక్కింది. పాదాలకు గుల్లలు కోసుకుని రక్తం కారుతోంది. ఇమాంబీ తన దస్తీ తీసి ఒక కాలికి కట్టింది. రెండో కాలికి తువ్వాలు చింపారు. సారక్క అదేమీ పట్టించుకోకుండా జైపాల్ పక్కన నిలబడింది.

"జర ఎడమకు తిప్పు తమ్మీ. బండ్ల బాట మీదికి పోదాం. ఆ బాట మీద ఇల్లు లేదు, గోడ లేదు. సక్కగ గుట్ట కిందికి పోతది."

"బాట మీద ఉన్నమని ఎట్ల తెలుస్తదక్కా?"

"గుట్ట మీద రెండు బండలున్నయి చూడు, ఒకటి ముంగట, ఒకటి ఎన్క. రెండు ఒక్కతాన కనవడాలె. ఎనకది పక్కకు జరిగిందంటె నువ్వు తొవ్వ తప్పినట్టు."

నేను నోరు తెరిచి విన్నాను. రెండు గుర్తులను ఒకే వరసలోకి తెచ్చి దారి పట్టుకోవడం సర్వే పుస్తకాల్లో మొదటి పాఠాల్లో ఒకటి. నేను కాలేజీలో నేర్చుకున్నాను. ఆమె తెప్ప మీద, ఎవరూ చెప్పకుండా, తనంతట తానే కనిపెట్టుకుంది. దారి పొడుగునా నేను గుండు వదిలి చూస్తూనే ఉన్నాను. ఎక్కడా ఐదు మీటర్లకు తగ్గలేదు.

లాంచీ గుట్టకు ఆనింది. జనం దిగేటప్పుడు ఒక్కొక్కరూ ఆమె భుజం తాకి పోయారు. భూపాల్ వచ్చి తల వంచుకుని, "నిన్న నీ మాట వినలేదమ్మా" అన్నాడు.

"ఇయ్యాల విన్నరు గద" అని ఆమె చీర కొంగు పిండుకుంది.

నా వంతు వచ్చింది. "తప్పు నాది సారక్కా. కొలిచిన కానీ ఎవరిని అడగలే. నువ్వు చెప్పినా వినలే" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు.

"సారూ, మా పోశం ఇరవై ఆరేండ్లు బాయిల దిగిండు. ఎన్నడు మ్యాపు చూడలే. మీ అసొంటోళ్లు గీసింది సరిగ ఉన్నదని నమ్మి దిగిండు, నమ్మి ఎక్కిండు. గందుకే మొన్న మీరు ఫోన్ పెట్టేస్తె బాధైంది" అన్నది.

ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఏ పెద్ద అధికారి మందలించినా నాకు అంత తగల్లేదు.

లాంచీ సర్వీసు నెల రోజులు ఆగింది. ఆ నెలంతా నేను సారక్కతో కలిసి మళ్లీ కొలిచాను, ఈసారి పది మీటర్లకొక వరుస. సాయంత్రాలు కాలనీలో వాళ్ల అరుగు మీద కూర్చుని మొగిలిపల్లెను కాగితం మీద గీశాం. ఆమె చెబుతుంటే పోశం సరిదిద్దేవాడు. ఇద్దరికీ కుదరకపోతే వీధి చివర నుంచి ఎల్లన్నను పిలిచేవాళ్లు, పాత ఊళ్లో ఊరి పనులన్నీ చూసినాయన. నేను మొదట గీసింది కాదు, ఆ మ్యాపే ఇప్పుడు లాంచీలో వేలాడుతోంది. డ్రమ్ములు బండ్ల బాట మీదికి మారాయి. బురుజు మీద ఎర్ర గుంజ పాతారు.

భూపాల్ సభ పెట్టి శాలువా కప్పుతానన్నాడు. సారక్క వద్దన్నది. దానికి బదులు, గుట్ట వెనకవైపు చేపలోళ్ల తెప్పలు ఆపుకోనివ్వాలని అడిగింది. దీవి పనులు మొదలయ్యాక వాళ్లను అటు రానివ్వడం లేదు. అధికారులతో నాలుగుసార్లు మాట్లాడాల్సి వచ్చింది, కానీ ఇచ్చారు. ప్రతి సోమవారం నీళ్లు ఎంత దిగాయో చూసి డ్రమ్ములు సరిచేసే పని కూడా ఆమెకే అప్పగించారు. ఆమె సరేనన్నదాకా జైపాల్ ఇప్పుడు లాంచీ తాడు విప్పడు. ఎండాకాలమంతా సర్వీసు సాఫీగా నడిచింది. ఇమాంబీ ఇప్పటికి ఆరుసార్లు పోయి వచ్చింది.

ఒక రోజు డ్రమ్ము గొలుసు ముడివేస్తూ ఉంటే, చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగేశాను.

"సారక్కా, ఆ రోజు లాంచీ ఆగకపోతే ఏం చేసేదానివి?"

"దుంకుదును. నాకు ఈత రాదా?" అని నవ్వింది. మళ్లీ గొలుసు వైపు తిరిగింది. ముడి బిగించాక, తల ఎత్తకుండానే అన్నది.

"భయమైంది సారూ. మీరు దగ్గరికి రాంగ కాళ్లు గడగడ వణికినై. నీళ్ల కింద గద, ఎవ్వలకు కనవడలే."