తొలిచూలు పాలు

మా అమ్మ చేతులకు క్రీము రాసుకోదు. ఆ చేత్తో నిమిరితే బంగాళదుంప తొక్క దానంతటదే ఊడొస్తుందని నాన్న ఆటపట్టిస్తాడు. అమ్మ పనిచేసేది సముద్రపు ప్రాణులను పరీక్షించే ల్యాబులో. ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ల కొవ్వు ముక్కలు కోసి, ఫాయిల్లో చుట్టి ఫ్రీజర్లో పెడుతుంది. ఆ కొవ్వులో ఏ రసాయనం ఎంత చేరిందో యంత్రం చెబుతుంది. చేతికి రాసుకున్నది ఏ కాస్త అంటినా ముక్క పనికిరాదు. అందుకే మా ఇంట్లో క్రీము సీసా నేను దాచుకోవాల్సిందే.

పనికి వెళ్తూ అమ్మ రేవు గోడ దగ్గర కాసేపు ఆగుతుంది. రెక్క చిరిగిన ఒక ఆడ డాల్ఫిన్ అటు వస్తుంటుంది. అమ్మ దానికి పెట్టిన పేరు చిరుగురెక్క. అది కనబడని రోజు మా ఇంట్లో కూరకు ఉప్పుండదు.

మూడేళ్ల కిందట చిరుగురెక్క పక్కన తొలిసారి పిల్ల కనిపించింది. ఆ రోజుల్లో అమ్మ మొహం చూడాలి. కొన్ని వారాలకే ఆ పిల్ల ఒడ్డుకు కొట్టుకొచ్చి ల్యాబు బల్ల మీదికి చేరింది. అమ్మ గ్లౌజులు తొడుక్కోకుండానే దాని ఒళ్లు నిమిరిందట. పనిలో ఆమె చేసిన తప్పు అదొక్కటే. ల్యాబు నడిపే మేడం, చెయ్యి తగలని రెండో పక్కనుంచి కోయమంది.

ఫలితం వచ్చాక మేడమే విడమరిచి చెప్పింది. ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీల విషం చేపల ద్వారా తల్లి కొవ్వులో చేరి ఏళ్లతరబడి అక్కడే ఉండిపోతుంది. పాలిచ్చేటప్పుడు కొవ్వు కరిగి పాలలోకి దిగుతుంది. తొలిచూలు బిడ్డే అందులో ఎక్కువ భాగం తాగేస్తుంది.

“పాలు పట్టకపోతే బతికేదా మేడం?” అని అడిగింది అమ్మ.

“పాలు లేకపోతే అసలే బతకదమ్మా. తర్వాత పుట్టేవాటికి ఇంత ఉండదు. తల్లి ఒంట్లోది చాలావరకు మొదటిదాంతోనే పోతుంది.”

నాకు ముందు ఒక అక్క ఉండేది. పాలు తాగే వయసులోనే పోయింది. ఎందుకు పోయిందో ఏ డాక్టరూ తేల్చలేదు. ఆ సాయంత్రం అమ్మ నా పక్కన కూర్చుని, “నువ్వు కడుపునిండా తాగేదానివి,” అంది. నాకు ఒళ్లు మండింది. డాల్ఫిన్లు వేరు, మనం వేరని కసిరాను. కసిరాక ఏడుపొచ్చింది. ఎన్నడూ చూడని అక్క మీద కూడా బెంగ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అప్పటినుంచి అమ్మ ఒక్క పొద్దూ రేవు గోడ మానలేదు. చిరుగురెక్క వచ్చేది, పోయేది, ఎప్పుడూ ఒంటరిగానే. ఇక దానికి కానుపు రాసిపెట్టి లేదని నాన్న అంటే అమ్మ ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

నిన్న పొద్దున ఆమె ఫోన్ చేస్తే పడుతూ లేస్తూ పరుగెత్తాను. చిరుగురెక్క పక్కనే ఓ చిన్న రెక్క తేలింది. పిల్ల తల్లి పొట్ట కిందికి దూరుతోంది, పైకొస్తోంది, మళ్లీ దూరుతోంది. అమ్మ గోడ మీదికి వంగింది.

“తాగు నాన్నా, భయం లేదు. ఉన్నదంతా మీ అక్క తాగేసింది,” అంది.

అంటూ ఆ గరుకు చేత్తో నా తల నిమిరింది.