పైడయ్య కట్టిన రేవు

లోకంలో ఏ రేవుకైనా ముందు రాళ్లు పడతాయి, పొగడ్తలు తరవాత. పైడయ్య రేవుకి పొగడ్తలే ముందు పడ్డాయి. రాళ్ల సంగతికొస్తే, అవి పైడయ్య మీద పడవలసింది, కొద్దిలో తప్పింది.

పలాసలో బస్సెక్కి, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటి, ఇంక ముందుకి నేల లేదనుకున్నచోట దిగితే పైడయ్య ఊరొస్తుంది. వేటమీద బతికే ఊరు. దానికి గోడ లేదు, గట్టు లేదు, పడవ కట్టుకునే కొయ్యైనా లేదు. ఎదురుగా సముద్రం, వెనక కొబ్బరిచెట్లు, మధ్య ఇసక. వేటకెళ్లిన తెప్ప తిరిగొచ్చేటప్పుడు ముందు తాడు ఒడ్డుకొస్తుంది. తాడు కనబడితే చాలు, పొయ్యిమీద ఏమున్నా వదిలేసి ఊరంతా పరిగెత్తుకొచ్చి లాగుతుంది. ఎవరి తాడని అడగరు. చెయ్యి వేసిన ప్రతివాళ్లకీ వచ్చిన చేపల్లో వాటా ఉంటుంది. ఈ తీరం నుంచి ఒకప్పుడు తూర్పు దీవులకి ఓడలు వెళ్లేవని పుస్తకాల్లో రాశారు. సరిగ్గా ఎక్కణ్ణించి వెళ్లాయో చెప్పమంటే మాత్రం ఒక్కో పుస్తకం ఒక్కో ఊరి పేరు చెబుతుంది. బహుశా వాటినీ ఇలాగే, ఏ ఊరివాళ్లు ఖాళీగా ఉంటే ఆ ఊరి ఇసకలోంచి తోసి ఉంటారు.

ఊళ్లో సగంమంది మగవాళ్లలాగే పైడయ్య కూడా గుజరాత్ బోట్ల మీదకి పోయాడు. ఐసు పెట్టెల మీద పడుకుని, వలల మీద తిని, కొన్నేళ్లకి విసుగెత్తి, తిరిగి తిరిగి కొచ్చిన్లో పడవలు బాగుచేసే చోట తేలాడు. ఢిల్లేశ్వరరావు అక్కడే దొరికాడు. ఈయనది టెక్కలి. పెద్ద ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరై, చేతులూరుకోక, తెరచాపలున్న ఒక పాత తెల్లపడవ కొన్నాడు. యాట్ అంటారు దాన్ని. టెక్కలివాడికి చిన్నప్పుడు సముద్రమంటే నౌపడ ఉప్పుమళ్ల దాకానే. ఆ మళ్ల అవతల ఏముందో చూడాలన్న దురద ఆయనకి డెబ్బై దగ్గర పడ్డా తగ్గలేదు.

"ఏ ఊర్రా నీది?" అన్నాడు. పైడయ్య చెప్పాడు. "మనోడివేరా! ఎక్కు."

అలా ఎక్కిన పైడయ్యకి ఆ పడవ ప్రాణమైపోయింది. ఐసు మీద పడుకున్నవాడికి పరుపున్న చెక్కమంచం దొరికింది. అంతకన్నా, రోజూ సాయంత్రం ముసలాయన మ్యాపు పరిచి, "రేపెటు పోదాంరా?" అని అడిగేవాడు. అంతకుముందు పైడయ్యని ఆ మాట అడిగిన మనిషి లేడు, ఇంట్లో సన్యాసమ్మతో సహా.

ఢిల్లేశ్వరరావుకి ఒక్కటే గిట్టదు. అబద్ధం. గేజి అబద్ధం చెబితే బాయిలరు పేలుతుంది, మనిషి అబద్ధం చెబితే గేజి చూసేవాడు పేలతాడు అనేవాడు. నీళ్ల ట్యాంకు నింపకుండానే నింపానన్న పాత కుర్రాణ్ణి అక్కడికక్కడే దించేశాడట.

ఇంక రేవులు. పేర్లెందుకు, వాటికీ మానం ఉంటుంది. పడమటి తీరంలో ఒకచోట బోర్డు మీద తెల్ల పడవలూ ఫౌంటెనూ గీసి ఉన్నాయి. లోపలికెళ్లాక ఆటు వచ్చి, సముద్రం వెనక్కి తగ్గి, నీళ్లన్నీ పోయాయి. తెల్లపడవ బురదలో కొంగలా ఒరిగి నిలబడింది. వాచ్‌మన్ వచ్చి, బండి నంబరు చెబితే గాని లోపల పెట్టడానికి వీల్లేదన్నాడు. ఇది బండి కాదయ్యా అంటే, అయితే టూవీలరా అని అడిగాడు.

ఆ పూట బురద కడుగుతూ పైడయ్య నోరు జారాడు.

"మా రేవైతేనా బాబూ, ఎంత ఆటొచ్చినా పడవొరగదు. గోడుంది గదా."

"మీ ఊళ్లో రేవుందేట్రా?"

"ఉండకేటి బాబూ! కొత్తది. మీ మేపులోకి ఇంకా ఎక్కనేదు."

మరీ గాలిలోంచి తీసిన మాట కాదు. రేవు కట్టిస్తామని ఎన్నికలప్పుడు జీపు మీద మైకు చెప్పింది.

దక్షిణాన ఇంకో రేవు. సరుకెంత అన్నాడు ఆఫీసరు. సరుకు లేదంటే, సరుకు లేకుండా ఎందుకొచ్చారని రోజంతా కూచోబెట్టాడు. తిరిగొచ్చేసరికి పక్క బోటువాళ్లు వీళ్ల తెరచాప తాళ్ల మీద సొరచేప ముక్కలు ఆరేశారు. "మా రేవులో అడగరు బాబూ. కట్టుకో, పో. అంతే," అన్నాడు పైడయ్య. లంకలో మంచినీళ్ల కుళాయికి తాళం, తాళం చెవి దగ్గరున్న ఆయన పెళ్లికెళ్లాడు. పైడయ్య రేవుకి కుళాయి వచ్చింది. ఇంకోచోట దీపం వెలగక రాత్రంతా బయటే తిరిగారు. పైడయ్య రేవుకి లైటొచ్చింది. మరోచోట స్నానాలగది తలుపు తీసి ఢిల్లేశ్వరరావు వెంటనే మూసేశాడు. "మా దగ్గిర టైల్సు బాబూ. పడవ దిగితే బాత్రూమే."

ఇలా ఊరూరి లోపాలూ ఏరుకొచ్చి పైడయ్య నోటితో కట్టిన రేవు, నిజం రేవులన్నిటికన్నా బాగా వచ్చింది. అందుకే ఒక సాయంత్రం ముసలాయన మ్యాపు పరచలేదు. "రేపెటు అని అడగను. మీ రేవుకే పోదాం," అన్నాడు.

పైడయ్య అప్పటికప్పుడు ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి, ఊళ్లో కిరాణా కొట్టుకి ఫోను చేసి పెళ్లాన్ని పిలిపించాడు.

"ఓలె సన్యాసీ, బాబు మనూరొత్తన్నారే."

"రానీ. కూరొండుతాను."

"కూరక్కాదే. రేవు సూడ్డానికొత్తన్నారు."

"ఏ రేవు?"

"మన రేవు."

అవతల కొట్లో బెల్లం తూస్తున్న చప్పుడు వినబడింది.

"తాగినావేటి?" అంది సన్యాసమ్మ.

దారిపొడుగునా పైడయ్య తుపానుకి మొక్కుకున్నాడు. మాఘమాసపు సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. చివరికి పున్నమినాడు తెల్లవారి ఊరి ముందుకొచ్చేసరికి మంచు మాత్రం దయతలచింది. ఒడ్డు కనబడలేదు.

"గోడేదిరా?" ఢిల్లేశ్వరరావు బైనాక్యులర్స్ తిప్పాడు.

"మంచులో ఉంది బాబూ."

"లైటేదిరా?"

"తెల్లారింది గదా బాబూ, ఆర్పీసుంటారు."

"సరే, తాడు పట్టుకెళ్లి గోడకి కట్టు."

ఏదో ఒక కొబ్బరిచెట్టుకి కట్టి, మంచు విడేలోపు ఏదో ఒకటి ఆలోచిద్దామని పైడయ్య తాడు మెడకేసుకుని, ఉరికి వెళ్లేవాడిలా నీళ్లలో దూకాడు. అన్నీ ఆలోచించాడు గాని తన ఊరిని మరిచిపోయాడు. సముద్రంలోంచి తాడొచ్చింది, దాని చివర మన పైడయ్య ఉన్నాడు. ఇంకేం కావాలి? ఊరంతా దిగింది. "ఒగ్గీండ్రా, ఒగ్గీండి!" అని పైడయ్య మొత్తుకుంటూనే ఉన్నాడు. హైలెస్సా అనే ఊరికి ఒక్క గొంతు ఎక్కడ వినబడుతుంది? మంచులోంచి తెల్లపడవ వచ్చింది. పైన ముసలాయన రెండు చేతులూ ఊపుతున్నాడు. పడవలో మనిషి చేతులూపితే ఇంకా గట్టిగా లాగమని ఆ ఒడ్డున అర్థం. లాగారు. లంగరు ఇసకని దున్నుకుంటూ వచ్చింది. పడవ ఒక కుదుపు కుదిపి, పక్కకి వాలి, పడుకుంది.

"ఓలమ్మా, దీని కిందేటి, ఇనప రెక్కుంది!" అంది పెద్దతల్లి. ఊళ్లో చేపల వాటాలు వేసేది ఆమే. ఆమె వేసిన కుప్పకి ఎదురు చెప్పినవాడు లేడు. "ఒరే పైడా, సేపలేవిరా?"

చేపలు లేవంటే ఆమె నమ్మలేదు. ఎవరో లోపలికి దూరి, మీద చేపబొమ్మలున్న రేకు డబ్బాలు మోసుకొచ్చారు. పెద్దతల్లి ఒకటి తిప్పి చూసింది.

"సముద్రం మీద తిరుగుతా సేపల్ని డబ్బాల్లో కొనుక్కుంతన్నాడేటి? పిచ్చోడేటి, పాపం?"

అయినా ధర్మం తప్పకుండా కుప్పలు వేసింది. ఒరిగిన పడవ అంచు పట్టుకుని ఢిల్లేశ్వరరావు తన నెల గ్రాసం ఇసక మీద వాటాలవడం చూశాడు. ఆయన వాటాకీ ఒక డబ్బా వచ్చింది.

మంచు విడింది. ఉన్నదంతా కనబడింది.

"గోడేదిరా?" అన్నాడు ముసలాయన, ఈసారి నెమ్మదిగా.

 జవాబు సన్యాసమ్మ చెప్పింది. "గోడా బాబూ? మా ఇంటికే గోడ నేదు, తడికే."

"కుళాయి?"

"బోరింగు కాడికెళ్లి ఒచ్చేతలికి బిందె సగమౌతాది."

"టైల్సు బాత్రూము?"

"ఏటేటి? ఇంకోపాలి సెప్పండి బాబూ," అని సన్యాసమ్మ ఆడవాళ్లని దగ్గరికి పిలిచింది. వాళ్లు నవ్విన నవ్వుకి పడవ లేస్తుందేమో అనిపించింది గాని లేవలేదు. పున్నమి పోటు మీద లాగేశారు. మళ్లీ అమావాస్య పోటుకి గాని కదలదని పెద్దతల్లి తేల్చింది.

ఢిల్లేశ్వరరావు అరవలేదు. దానికే పైడయ్యకి భయమేసింది.

"అమావాస్య దాకా గడువురా నీకు. నువ్వు చెప్పినవాటిల్లో ఒక్కటంటే ఒక్కటి నిజంగా చూపించు, నాతో వస్తావు. లేదూ, నేనొక్కణ్ణే పోతాను. నువ్విక్కడే నీ రేవు చూసుకుంటూ కూచో."

పైడయ్య పనిలోకి దిగాడు. ఇసక బస్తాలతో గోడ కడితే సాయంత్రానికి కెరటాలు బస్తాలు వదిలి ఇసక పట్టుకుపోయాయి. వెదురు మీద పెట్రోమాక్స్ కడితే గాలి ఒక్క ఊపులో ఆర్పేసింది. డ్రమ్ముకి సైకిల్ ట్యూబు తగిలించి కుళాయి చేస్తే, అది నిజంగానే పనిచేసింది. పనిచేస్తోందని తెలిసి ఊళ్లో బిందెలన్నీ వరస కట్టాయి. ముసలాయన్ని పిలుచుకొచ్చేసరికి ట్యూబు చివర ఒక చుక్క వేలాడుతోంది. వరసలో మొదటి బిందె సన్యాసమ్మదే.

ఈలోగా ఇసకలో ఓడ పడుకుందని తెలిసి కంచిలి నుంచీ నందిగాం నుంచీ జనం రావడం మొదలెట్టారు. వేరుశనక్కాయల బండి వచ్చింది. రేవు తప్ప రేవుకి ఉండాల్సిన సందడంతా వచ్చింది.

మిగిలింది బాత్రూము. పలాసలో ఒక లాడ్జి కడుతున్నచోట విరిగిన టైల్సు పారేస్తున్నారని విని పైడయ్య జీడిగింజల సంచులు పట్టుకెళ్లాడు. తిరుగు బస్సులో కండక్టరు సంచి ఎత్తలేక, "జీడిపిక్కలకింత బరువేటిరా, బంగారం కాసిందేటి?" అన్నాడు. కొన్నిటి మీద గులాబీలు, ఒకదాని మీద సగం బాతు. పడవ దిగితే బాత్రూమే అన్నాడు గనక, పోటు ఎక్కేచోటని తెలిసీ, పడవ పక్కనే పరిచాడు. చుట్టూ కొబ్బరాకుల దడి కట్టాడు. ఆఖరి టైలు అమావాస్య పొద్దున పడింది.

"తయారైపోనాది బాబూ! పోటొచ్చేలోపల తానం సేసీండి."

ముసలాయన తొందరపడలేదు. కాఫీ తాగాడు. గెడ్డం గీసుకున్నాడు. పాత పేపరు వెనకనుంచి ముందుకి చదివాడు. సముద్రం ఒక్కో అంగుళం ఇసక మింగుతోంది.

"నీళ్లు సల్లారిపోతన్నాయి బాబూ."

"చన్నీళ్లేగదరా."

చివరికి లోపలికెళ్లాడు. తాడు పట్టుకుని ఊరంతా సిద్ధంగా ఉంది. దడిలోంచి చెంబు చప్పుడు, తరవాత కూనిరాగం. బాతు బాగుందిరా అన్న మాట కూడా వినబడిందని పైడయ్య తరవాత ఒట్టేసి చెప్పేవాడు.

అప్పుడు పోటొచ్చింది. పడవ మూలిగింది, లేచింది, నిటారుగా నిలబడింది. అదే కెరటం దడిని గంపలా ఎత్తి పక్కన పెట్టింది. గులాబీల మీద, ఒంటినిండా సబ్బుతో, చేతిలో చెంబుతో టెక్కలి ఢిల్లేశ్వరరావు మిగిలాడు. ఆడవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు, తిప్పుకోవలసినంత తొందరగా కాదు.

"తువ్వాలు! ఒరే, తువ్వాలందుకోరా!" అంటూ ఆయన నిచ్చెన పట్టుకుని పడవలోకి ఎగబాకాడు. తువ్వాలు పైడయ్య చేతిలో ఉంది. పైడయ్య నడుంలోతు నీళ్లలో ఉన్నాడు. ఇవ్వలేదు.

"ముందు సెప్పండి బాబూ. తానం సేసినారా, నేదా?"

"సగమే అయిందిరా, దొంగవెధవా!"

పైడయ్య ఒడ్డుకి తిరిగాడు. "పెద్దతల్లీ! సగమంటే ఐనట్టా, కానట్టా?"

పెద్దతల్లి చేపల కుప్పల ముందు ఆలోచించినట్టే ఆలోచించింది. "సబ్బెట్టినాడా?"

"ఎట్టినాడు!" అంది ఊరంతా.

"ఐతే ఐనట్టే."

ఢిల్లేశ్వరరావు కళ్లలో సబ్బు మండుతోంది. కిందికి చూశాడు. టైల్సు ఉన్నాయి, లేవని అనడానికి లేదు. సగం బాతు నీళ్ల కింద నిక్షేపంగా ఉంది. వెనక ఊరు తాడు వదిలేసి, ఈసారి పడవని సముద్రం వైపుకి తోస్తోంది.

"ఎక్కి చావు," అన్నాడు.

పైడయ్య తువ్వాలు పళ్లతో కరిచిపట్టి ఎక్కాడు. తెరచాప విచ్చుకుంది. ఒడ్డున సన్యాసమ్మ అప్పటికే చీర ఎగ్గట్టి, కెరటం వెనక్కి తగ్గినప్పుడల్లా మోకాలిలోతు నీళ్లలో టైల్సు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుంటోంది. పడవ దూరమవుతుంటే నడుం ఎత్తి కేక పెట్టింది:

"ఏటయ్యో! ఈపాలి మనకి వంటిల్లుందని సెప్పు బాబుతో! కట్టడానికైనా ఒత్తావు!"