దుమ్ముకి సంతలు తెలీవు

మొన్న కొంటా ఊరి సంతలో ఒకామె ఎర్ర చీమలను ఉప్పూ మిరపకాయలతో నూరుతుంటే ఆ పుల్లటి వాసన ముక్కుకు తగిలింది. ఆ పచ్చడిని ఇక్కడ చాపడ అంటారు. అందరికీ నోరూరుతుంది, నాకు డాక్టరమ్మ గుర్తొస్తుంది. పొట్టి మనిషి. గోదావరి వైపు నుంచి గనుల ఆస్పత్రికి వచ్చింది. మాటలో మెత్తదనం లేదు. నాకూ లేదు, అందుకే కుదిరిందేమో.

గనులు జోరుగా నడిచిన రోజులవి. మా ఊరు మరైగూడ నుంచి నేనూ, మా ఆయన ముత్తయ్యా, మా అత్తా గనులున్న కొండకు పనికి వెళ్లాం. ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కింద ఇనుపరాయి ఏరి తట్టలకెత్తడం నా పని. నెలకోసారి పొత్తికడుపులో నిప్పులు పోసినట్టుండేది. తట్ట దించి ముడుచుకుని పడుకునేదాన్ని. ఎర్ర దుమ్ము కడుపులో పేరుకుందని తోటి ఆడవాళ్లు బెల్లం తినిపించారు. రెండేళ్లు తిన్నాను. అత్త మాత్రం ఇదంతా నాటకమంది. పిల్లల్లేరు, పనీ చేయదు, వేరే పిల్లను తెద్దామని కొడుకుతో చెప్పింది. ముత్తయ్య సరే అనలేదు, కాదనీ అనలేదు. ఆ మౌనం చూసి భయపడి ఆస్పత్రికి పోయాను.

ఏ తారీఖున నొప్పి మొదలవుతుందని డాక్టరమ్మ అడిగింది. నాకు తారీఖులేం తెలుసు? సంతలే తెలుసు. అంతకు ముందోసారి పోతే అప్పటి డాక్టరు ఆ మాటకు నవ్వి, మాత్రలిచ్చి పంపేశాడు. ఈమె నవ్వలేదు.

"సరే, సంత లెక్కే చెప్పు. ఎన్నో సంతకి?"

ఒక నోటుబుక్కు ఇచ్చింది. సంత సంతకీ ఒక గీత గీయాలి. ఆ వారం నొప్పి వస్తే గీత మీద అడ్డగీత, ముట్టయితే పక్కన చుక్క. ఆరు నెలల తర్వాత తీసుకెళితే వేలు పెట్టి ఒక్కో గీతా చూసింది. ఇంచుమించు ప్రతి నాలుగో సంతకీ అడ్డగీత ఉంది, దాని పక్కనే చుక్క ఉంది.

"ఇది దుమ్ము కాదు లచ్చమ్మా. దుమ్ముకి సంతలు తెలీవు. మీ ఆయన్ని తీసుకురా."

ముత్తయ్య అడవిలో చీమల గూళ్లు దింపి అమ్మేవాడని నా ద్వారా ఆమెకు తెలుసు. అతన్ని కూర్చోబెట్టి, గూడు కదిపితే ఏమవుతుందని అడిగింది. జబ్బు సంగతి వదిలేసి చీమల సంగతి అడుగుతుందేమిటని అతను నా వైపు చూశాడు.

"ఒక్కటి కుడితే చాలు మేడం, వాసనొస్తది. ఆ వాసనకి గూడంత ఉరికొస్తయి."

"పిలిచిన చీమ నీకు కనబడుతుందా?"

"ఏడ కనబడతది? మంటే తెలుస్తది."

"మీ ఆవిడ కడుపులోనూ అదే. కనబడలేదు కదా అని నాటకమంటున్నారు."

తర్వాత విడమర్చి చెప్పింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట అతుక్కుని పెరుగుతుంది. నెలనెలా అక్కడా నెత్తురు కారుతుంది, దానికి బయటికి దారి లేదు. శుభ్రం చేయడానికి ఒంట్లోని కాపలా కణాలు వస్తాయి. వచ్చినవి పని ముగించి వెళ్లకుండా, ఇంకా రమ్మని మిగతా కణాలకు కబుర్లు పంపుతాయి. ఆ కబుర్లకే వాపు, మంట. వాటికే కొత్త రక్తనాళాలూ నరాలూ అక్కడికి పాకుతాయి, గాయం గట్టిపడుతుంది. అసలు ఆ పొర అక్కడెందుకు చేరిందో తనకూ తెలియదని, ఎవరికీ పూర్తిగా తెలియదని కూడా చెప్పింది. తెలియదని ఒప్పుకున్న డాక్టరును నేను అంతకు ముందు చూడలేదు.

ఇంటికొచ్చాక ముత్తయ్య తల్లితో ఒకే మాటన్నాడు. "దానికి నొప్పి నిజమేనే అమ్మా. ఇంకో పిల్ల మాట ఎత్తకు." పెద్దాస్పత్రిలో చిన్న గాటు పెట్టి లోపల చూసి, డాక్టరమ్మ అనుమానమే నిజమన్నారు. మందులతో నొప్పి సగానికి తగ్గింది. పిల్లలు పుట్టలేదు. ముత్తయ్య పోయేదాకా నాతోనే ఉన్నాడు.

బదిలీ మీద వెళ్లేముందు ఆమె నన్ను తిట్టింది. "నేను పోతాను, రేపొచ్చే వాళ్లకి నీ గీతలు అర్థం కావు. అక్షరాలు నేర్చుకో." ఆస్పత్రి బల్ల మీద తనే మొదలుపెట్టించింది. అప్పటికి నాకు నలభై దగ్గర. నేను రాసిన మొదటి వాక్యం, "ఈ సంతకి నొప్పి ఉంది."

పోయిన నెల మా తమ్ముడి మనవరాలు కడుపు పట్టుకుని పడుకుంది. బడి ఎగ్గొట్టడానికి నాటకమని వాళ్లమ్మ విసుక్కుంది. నేను నోటుబుక్కు తీసి, ఎన్నో సంతకి వస్తోందని అడిగాను.

"సంతలేంది నానమ్మా? నాకు తారీఖులే తెలుసు."

"సరే, తారీఖు లెక్కే చెప్పు," అని పెన్ను మూత తీశాను.