తలుపుకాడ టార్చి

మా తాత ఏ సినిమా చివరా చూసేవాడు కాదు. పది నిమిషాలుందనగా లేచి, కౌలాలంపూర్‌లో మా ఫ్లాటు తలుపు తీసి, ఎవరూ లేని నడవాలోకి టార్చి ఏసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

మలయాలో తెల్లోళ్ళు కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో ఆయన సినిమా హాలు గేటు మనిషి. సినిమా అవకపోయినా, కర్ఫ్యూ పడకముందే తలుపు తీసి టార్చి ఏసి రబ్బరు ఎస్టేటోళ్ళని బయటికి పంపేయాలి. ఒక అమెరికా గుర్రాల సినిమాకి "హీరో ఏటయినాడు?" అని వాళ్ళడిగితే, తను చూడకుండానే "గెలిచినాడు, ఎల్లండి" అనేసినాడంట. మెర్డెకా, అదే స్వతంత్రం, వచ్చినా ఆ సినిమా మళ్ళీ రాలేదు. ఆ హాల్లో ఇప్పుడు సూపుకి అమ్మే గూళ్ళ కోసం పిట్టల్ని పెంచుతున్నారు.

ఆ సినిమాని ఫోన్లో వెతికి పెట్టినాను. "ఈసారి కదిలితే ఊరుకోను లా, తాతా!" అని ఇక్కడోళ్ళలా "లా" తగిలించి అరిచినాను. అయినా లేచిపోయినాడు. నేనొక్కడినే చూసినాను. హీరో చచ్చిపోయినాడు.

"నేను సెప్పింది నిజమేనేటిరా?" అన్నాడు తలుపుకాడ్నించి.

"నిజమే తాతా. గెలిచినాడు."

టార్చి ఆర్పినాడు.