చెంబెడు నీళ్లకు మునిగిన యుద్ధనౌక

మా పక్కింటి మామ పోయాడని ఆ మధ్య అత్త ఫోన్ చేసింది. అప్పుడు నేను జమ్మలమడుగులో ఒకరింటికి తలుపులు బిగిస్తున్నాను. "మీ మామ లేడప్పా" అని, ఆ వెంటనే "ఓడ అట్లనే ఉండిపాయ" అంది. ప్రొద్దుటూరు బస్సెక్కి, దారి పొడవునా నేను ఆ రెండో మాటకే ఏడ్చాను.

మామ నేవీలో పనిచేశాడు. ఏళ్ల తరబడి ఒకే యుద్ధనౌకకు తుప్పు గీకి రంగులు వేసినవాడు. దాని ఒళ్లంతా ఆయన చేతులకు తెలుసు. రిటైరై ఊరికొచ్చాక, దాన్ని పాత ఇనుము కింద కోసేశారని తెలిసింది. కొన్నాళ్లు అన్నం సయించలేదు. తర్వాత చెక్క, అట్ట, ఇత్తడి తీగ తెచ్చుకుని, ఆ ఓడనే చిన్నగా మళ్లీ కట్టడానికి వరండాలో కూర్చున్నాడు.

నిజం ఓడలో రెండు వందల అడుగులు ఆయన దగ్గర ఒక్క అడుగు. ఎవరైనా "బొమ్మ బాగుంది మామా" అంటే మండిపడేవాడు. "కొలత తప్పితే బొమ్మ. కొలత నిలిస్తే ఓడ" అనేవాడు. వడ్రంగంలో నాకు ఈ మాత్రం పేరుందంటే ఆ కోపం పక్కన కూర్చుని పెరగడం వల్లే. ఆయనకు పటం లేదు, అంతా తలలోనే. నా ఫోన్‌లో అలాంటి ఓడలు చూపిస్తే, "ఇవి దాని అక్కచెల్లెండ్లురా, అది కాదు" అని తోసేసేవాడు.

ఓడ దాదాపు పూర్తయింది. అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మామ అమ్మవారి దర్శనానికి పోయాడు. వీధిలో అందరూ బండ్లు కడుగుతున్నారు. అత్త కూడా ఓడ మీద చెంబెడు నీళ్లు పోసి, శుభ్రంగా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. మామ తిరిగొచ్చేసరికి అట్టతో చేసిన డెక్కు పూరీలా పొంగి ఉంది.

"అందురూ బండ్లకు చేస్తాండారు గదా, మన ఓడేం పాపం చేసిందని..." అంటూ అత్త ఏడ్చింది. మామ దాన్ని వేలితో నొక్కి చూసి, నవ్వాడు. "సముద్రాన్నే లెక్కచేయంది, నీ చెంబెడు నీళ్లకు మునిగిపాయ గదే!"

పైభాగమంతా ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాడు. కానీ అప్పటికే చేతులకు వణుకుడు జబ్బు వచ్చింది. పట్టకారుతో డెక్కు అంచున ఒక కమ్మీ నిలబెడితే పక్కది పడిపోయేది. అత్త ఆయన మణికట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది.

"కదలాకు" అనేవాడు మామ.

"నేను యాడ కదులుతాండా? నువ్వే కదులుతాండావు."

ఒక మధ్యాహ్నం మామ పట్టకారు కింద పెట్టేశాడు. "ఇంగ చాల్లే, ఇడ్సిపెట్టు" అన్నాడు. నువ్వు చెప్పు, నేను చేస్తానన్నాను. "నువ్వు చేస్తే అది నీ ఓడ అవుతాది లేప్పా." మర్నాటి నుంచి కుర్చీ వీధివైపు తిప్పుకున్నాడు. దేవుడి మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ప్రాణం ఎట్లాగూ తీసుకునేవాడికి, చేతులు ముందుగా ఎందుకు?

దినాలయ్యాక అత్త నన్ను ఓడ ముందు కూర్చోబెట్టి, మామ చేసిపెట్టిన గోరంత ఫిరంగి ఒకటి అరచేతిలో పెట్టింది. "నువ్వన్నా పూర్తి చేయప్పా."

నా చేతులు గట్టివే. పొగగొట్టం వెనక పెట్టి చూశాను.

"ఆడేనా?" అంది.

"ఏమో అత్తా."

కాస్త పక్కకు జరిపాను.

"ఈడనా?"

తెలియదన్నాను. దాని గొట్టం ఎటు తిప్పాలో కూడా మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.